మైకు ముందు పద్నాలుగు చావులు

స్టూడియోలో ఆయనకి అసలు పేరుతో పనిలేదు. చావుల మావయ్య అంటే చాలు. ఇరవై ఆరేళ్ళుగా సినిమాల్లో, సీరియళ్ళలో, ఈమధ్య వీడియో గేముల్లో, మొహం సరిగ్గా కనబడకుండా చచ్చిపోయేవాళ్ళందరికీ ఆయనే గొంతు. కోటగోడ మీంచి పడేవాడు, బాణం తగిలినవాడు, గుర్రం కింద నలిగినవాడు, విషం తాగాక ఆలోచన మార్చుకున్నవాడు, అందరూ ఆయనే. ఒకే యుద్ధంలో రెండు పక్షాల తరఫునా చచ్చిన రోజులున్నాయి. పోయే ప్రాణం బొడ్డు దగ్గర మొదలై ముక్కులోంచి వెళ్ళాలని ఆయన సిద్ధాంతం. పనికి వంకపెట్టినవాడు లేడు. కాకపోతే ఇన్నేళ్ళలో మైకు ముందు ఒక్క పూర్తి వాక్యం పలికి ఎరగడు. "అమ్మా" అన్నది కూడా రెండు మూడుసార్లే, అదీ సగంలో ప్రాణం పోయేది.

ఇందులో ఆయనకున్న బాధ ఒక్కటే, భార్య. పెళ్ళైన కొత్తలో ఆవిణ్ణి గర్వంగా సినిమాకి తీసుకెళ్ళాడు. తెర మీద ఒక సిపాయి పొట్టలో ఈటె దిగింది. ఆ అరుపు వినగానే ఆవిడ లేచి, నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ బయటికొచ్చి, మెట్ల మీద కూచుని ఏడ్చింది.

"అది మీ గొంతే. మీరు చస్తుంటే నేను వింటూ కూచోవాలా?"

అది ఉత్తుత్తి చావని ఎంత చెప్పినా వినలేదు. "మాటలిచ్చిన రోజు చెప్పండి, వస్తాను. అప్పటిదాకా నన్ను పిలవద్దు" అంది. అన్నదంటే అన్నదే. ఆ తర్వాత టీవీలో కత్తి కనబడితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మొగుడు ఏం పని చేస్తాడో తెలిసీ, ఎలా చేస్తాడో తెలియకుండా ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది. ఆయన లోలోపల చాలా కష్టపెట్టుకున్నాడు.

అలాంటి మనిషికి ఏకంగా నూట పన్నెండు వాక్యాలొచ్చాయి.

అదొక కొత్త గేము. చచ్చినవాళ్ళు సమాధుల్లో పడుండని చీకటి నగరం. దాని చివరి ద్వారం ముందు ఇనప గద పట్టుకుని ఒక ప్రధానార్చకుడు నిలబడి ఉంటాడు. ఒకప్పుడు దీవించిన చేత్తోనే ఇప్పుడు లేచొచ్చినవాళ్ళని మోది మళ్ళీ పడుకోబెడుతుంటాడు. ఆడేవాళ్ళు ఆయన్ని చంపితే తప్ప ద్వారం తెరుచుకోదు. స్టూడియోలో రికార్డింగు చూసే ఇంజనీరమ్మ ఆ వేషానికి చావుల మావయ్యే కావాలని కంపెనీవాళ్ళతో పట్టుబట్టింది. "ఇన్నేళ్ళు అరుపులే విన్నాను. ఆ గొంతులో ఒక పెద్దమనిషి ఉన్నాడు సార్" అందట.

ఇంట్లో చెబితే భార్య చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"నిజం మాటలేనా? మూలుగులు కాదుగా?"

"నూట పన్నెండు."

"ఎప్పుడు వినచ్చు?"

ఆవిడ తనంతట తాను అడగడం అదే మొదలు. ఆయన ఆ రోజు నుంచి గొంతు దాచుకోవడానికి మౌనవ్రతం పట్టాడు. వారం రోజులు పలక మీద రాసి చూపించడమే. తువ్వాలు ఎక్కడ అన్నా పలకే, చాలు అన్నా పలకే. "మాట్లాడిన రోజుల్లో మాత్రం ఏం ఉద్ధరించారు" అని ఆవిడ సణుగుతూనే, పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి గ్లాసు చేతికిచ్చేది.

ఈ పనిలో ఒక కట్టుబాటుంది. ముందు మాటలు, చివర అరుపులు. అరుపు గొంతుని చీరేస్తుంది, ఆ తర్వాత మాట అతకదు. అందుకే మొదటి రెండు రోజులూ వాక్యాలు, మూడో రోజు దెబ్బలూ చావూ అని రాసిపెట్టారు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ నియమం నేర్పిందే ఆయన.

మొదటి రోజు పదింటికల్లా ఆయన గాజు గదిలో నిలబడ్డాడు. ముందు స్టాండు మీద కాగితాలు. అద్దానికి అవతల ఇంజనీరమ్మ.

"మావయ్యా, గొంతు లెవెల్ చూసుకుంటాను. ఏదో ఒకటి ఇవ్వండి."

మిగతావాళ్ళయితే ఒకటి రెండు మూడు అంటారు. లేదా పొద్దున ఏం తిన్నారో చెప్తారు. ఆయన చచ్చిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన లెవెల్ ఇచ్చింది అలాగే మరి. అలవాటులో పొరపాటంటే ఇదే.

పైగా వారం రోజులు విశ్రాంతి తీసుకున్న గొంతు. ఆ చావు వింటే చచ్చినవాళ్ళే సిగ్గుపడతారు. ఇంజనీరమ్మకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆపాల్సిన మనిషి ఆపకుండా, "మావయ్యా, మైకు కొంచెం జరుపుతాను, ఇంకోసారి" అంది. తర్వాత "ఈసారి మోకాళ్ళ మీద పడుతూ" అంది. తర్వాత "కోపంగా పోండి" అంది. ఆయనకీ ఊపొచ్చింది. పద్నాలుగుసార్లు చచ్చాక చెమట తుడుచుకుని, మొదటి కాగితం తీసి చదివాడు.

"లేచినవాళ్ళందరికీ నేనే తండ్రిని."

తండ్రి దగ్గర గొంతు రెండుగా చీలింది. ఒక ముక్క పైకి పోయింది, ఇంకో ముక్క అసలు రాలేదు. మళ్ళీ ప్రయత్నిస్తే అదీ రాలేదు. అద్దానికి అటూ ఇటూ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏం చేశారో ఇద్దరికీ అప్పుడర్థమైంది.

చీలిన గొంతు మాటలకి పనికిరాకపోయినా అరుపులకి పనికొస్తుంది. ఉన్నదానితో ఆ రోజే దెబ్బలన్నీ పూర్తి చేశారు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆయనకి దెబ్బ తినడం వచ్చు గానీ కొట్టడం రాదు. ఎప్పుడూ కొట్టినవాడు కాదు కదా. ఇంజనీరమ్మ బయట సోఫా దిండొకటి తెచ్చి ముందు పెట్టింది. ఆయన నలభైసార్లు దిండుని మోది, నలభైసార్లు హుంకరించాడు. చివర్న గెలిచిన కేక ఒకటి.

గొంతు డాక్టరు పది రోజులు పెదవి విప్పొద్దన్నాడు. కంపెనీవాళ్ళు నాలుగు రోజులకి మించి ఆగలేమన్నారు. నూట పన్నెండు వాక్యాలూ సిమెంటు ప్రకటనలు చెప్పే ఆయనకి వెళ్ళిపోయాయి.

"తప్పు నాది మావయ్యా" అని ఇంజనీరమ్మ ఏడ్చింది. ఆయన పలక తీసి, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని రాసి చూపించాడు. ఆ అమ్మాయి ఇంకా ఏడ్చింది.

భార్యకి మాత్రం చెప్పలేదు. మొదటి పది రోజులూ డాక్టరు పేరు చెప్పి తప్పించుకున్నాడు. పదకొండో రోజు నుంచి ధైర్యం చాలక.

రెండు నెలలకి గేము వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కూతురు సెలవు చూసుకుని మధ్యాహ్నం గేమాడే మిషను పట్టుకొచ్చి టీవీకి తగిలించింది. వచ్చే ముందు పది రోజులు ఆడి, చివరి ద్వారం దాకా దారి చేసుకుని మరీ వచ్చింది. ఆవిడ బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, స్టవ్ ఆపి, కుర్చీ ముందుకి లాక్కుని కూచుంది. ఆయన వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

తెర మీద ప్రధానార్చకుడు తలెత్తాడు. "లేచినవాళ్ళందరికీ నేనే తండ్రిని" అన్నాడు, గోడ బీట వారదని హామీ ఇస్తున్నంత గట్టిగా.

ఆవిడకి అర్థం కావడానికి ఒక్క మాట చాలింది.

"ఎవరిదండీ ఈ గొంతు?"

"సిమెంటాయనది."

"మరి మీ మాటలు?"

"లేవు. ముందే చచ్చిపోయాను" అని, జరిగిందంతా చెప్పాడు.

"రెండు నెలలుగా పక్కన కూచుని అన్నం తింటున్నారు. ఒక్క ముక్క చెప్పలేకపోయారా?" అని ఆవిడ లేచింది.

కూతురు ఆట ఆపడం మర్చిపోయి వీళ్ళనే చూస్తోంది. తెర మీద అర్చకుడు గద ఎత్తి, ఒక్క హుంకారంతో కూతురు ఆడిస్తున్న బొమ్మని నేలకేసి మోదాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"ఇదీ?"

"ఇది నేనే."

"చస్తున్నారా?"

"లేదు. కొడుతున్నాను."

ఆవిడ వెనక్కొచ్చి కూచుంది.

కూతురు మూడుసార్లు ఓడింది. ప్రతి దెబ్బకీ ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వింది. నాలుగోసారికి కూతురికి కిటుకు దొరికింది. అర్చకుడి ప్రాణం చూపించే ఎర్రగీత గోరంత మిగిలింది. ఇక వినబడేది ఆయన చావే. పద్నాలుగింట్లో తొమ్మిదో చావు పెట్టారని ఇంజనీరమ్మ చెప్పింది. అంత బాగా ఆయన ఎప్పుడూ చావలేదు. ఒక్కసారి ఆవిడ వింటే బాగుండునని ఉంది, వినకపోతేనే బాగుండుననీ ఉంది.

"ఆగవే" అంది ఆవిడ. "నువ్వే చచ్చిపో."

"అమ్మా, ఇంకొక్క దెబ్బే!"

"నాన్నని గెలవనీ."

కూతురు రిమోటు ఒళ్ళో పెట్టేసుకుంది. అర్చకుడు తీరిగ్గా నడిచొచ్చి, గద దించి, ఇల్లదిరేలా గెలిచిన కేక పెట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరిగి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"బాగా అరుస్తారే" అంది. "ఇంకోసారి పెట్టవే."

ఆ మధ్యాహ్నం కూతురు ఇంకో పదకొండుసార్లు చచ్చిపోయింది.