మూడో కంటికి నలభై కండెలు

జూలై రెండో మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. కరీంనగర్ మీద రాత్రంతా పట్టిన ముసురు అప్పుడే తెరిపి ఇచ్చింది, గాలి లేదు. నా భార్య కళ్లకు నల్లగుడ్డ కట్టుకొని, చాప మీద కూర్చొని, పరీక్షకు సిద్ధమని చెప్పింది.

ఆమె రెండు కళ్లలోనూ నీటికాసులు, అంటే గ్లాకోమా. చుక్కల మందు మానితే చూపు పోతుందని, పోయిన చూపు తిరిగి రాదని వైద్యుడు మా ఇద్దరికీ చెప్పాడు. అయినా పన్నెండు రోజులుగా ఆమె మందు వేసుకోవడం లేదు. వీధి చివరి ధ్యాన తరగతిలో నాలుగు నెలలు సాధన చేశాక, కళ్లు మూసుకున్నా రంగులు తెలుస్తున్నాయని నమ్మింది. మందు మానమని అక్కడ ఎవరూ అనలేదు. మూడో కన్ను తెరుచుకుంటుండగా ఈ రెండింటిలో మంటపుట్టే మందు ఎందుకని తానే నిర్ణయించుకుంది.

నేను ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో ముప్పై ఒక్క సంవత్సరాలు తేమ శాతాలు నమోదు చేసినవాణ్ని. బతిమాలడం నాకు చేతకాదు. షరతు పెట్టడం వచ్చు. ఆమె తమ్ముడు సిరిసిల్ల నుండి నూలు చుట్టిన కండెలు పంపాడు. నాలుగు రంగులు, రంగుకు పది. సగానికి మించి సరిగ్గా చెబితే మందు మాట ఎత్తను. లేకపోతే ఆ పూటే మందు మొదలుపెట్టాలి. ఊరికే ఊహించినా పది దాకా తగులుతాయని లెక్కవేసుకొని నిశ్చింతగా ఉన్నాను.

ఆమె ముప్పై రెండు సరిగ్గా చెప్పింది.

లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది: ప్రతి కండెనూ వేళ్ల మధ్య నలిపి, ముక్కు దాకా తెచ్చి, అప్పుడు చెప్పింది. నల్లనూలు బిరుసు, తెల్లనూలు మెత్తన, ఎర్రదానిలో అద్దకం వాసన. పెళ్లిదాకా సిరిసిల్లలో సాంచెల పక్కన, ఆ మరమగ్గాలకు కండెలు చుట్టిన మనిషికి నూలుతో పరీక్ష పెట్టాను!

"అవి నీ వేళ్లు చెప్పినయే, కన్ను గాదు," అన్నాను.

"ఓడినంక కిరికిరి వెడుతున్నవా? ఇన్నేండ్లల నా ఒక్క చీరె రంగు యాదికి లేదు, నువ్వు నాకు రంగుల పరీక్ష వెడ్తవా!"

"జర కాయితాలు వట్టి ఇంకోపారి చెప్పు. ఒక్కపారే."

"కాయితంల జీవముంటదా?"

గంటసేపు వాదించాక ఒప్పుకుంది. ఒకే దుకాణంలో అవే నాలుగు రంగుల్లో, ఒకే మందం కాగితాలు కొని, నలభై కవర్లలో పెట్టాను. సాయంత్రం నాలుగింటికి మళ్లీ గుడ్డ కట్టుకుంది. ఈసారి పదకొండు.

గుడ్డ విప్పి కవర్లను నా వైపు నెట్టింది.

"పొద్దుగాల నేను గెలిచిన, ఇప్పుడు నువ్వు గెలిచినవ్. ఇగ బరాబర్."

"కండ్లతోని ఆటనా?"

"ఆట వెట్టింది నువ్వే గద. నేనడిగిన్నా?"

ఆమే మందు సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, తల వెనక్కి వాల్చి, ఎడమ కంటిని అరచేత్తో మూసుకుంది.

"కుడిది నీది. ఇది నాది."

వైద్యుడితో చెప్పించాను, కోప్పడ్డాను, చివరికి చేతకాని బతిమాలడమూ చేశాను. ఆ అరచెయ్యి మాత్రం ఇవాళ్టిదాకా తొలగలేదు. తేలిన లెక్క ఇది: కండెలు నలభైకి ముప్పై రెండు, కాగితాలు నలభైకి పదకొండు, మందు పడుతున్నది రెండు కళ్లలో ఒక్కదానిలో.