హెన్రీకి చైనా ఇంటిపేరు

డెబ్బైల చివర్లో, విశాఖ హార్బరులో ఓడలకు కూరగాయలూ మాంసమూ సప్లై చేసే కంపెనీల్లో కుర్రాళ్లకు జీతాలు తక్కువ, పేర్లు ఎక్కువ. సబ్బవరం నుంచి వచ్చిన నన్ను మా ప్రొప్రైటరు గారు మొదటిరోజే హెన్రీని చేసేశారు. మా వాళ్లు పెట్టిన పేరుకి కెప్టెన్ల నోరు తిరగదట. (గోదావరి జిల్లా నుంచి వచ్చిన ప్రొప్రైటరు గారు మాత్రం ఇంటిపేరుతో సహా తన పేరంతా బోర్డు మీద బారున రాయించుకున్నారు.) నాకేమైనా బాధేసిందా? బాధ లేదు సరికదా, తలకి నూనె రాయడం మానేసి, ఊళ్లో మా బావ చేత కూడా హెన్రీ అని పిలిపించుకున్నాను. అంతటి వెధవని.

అలాంటి రోజుల్లో హాంకాంగ్ ఓడ ఒకటి వచ్చింది. అంతకుముందు వచ్చిన అలాంటి ఓడ ఆర్డరుని పోటీ కంపెనీవాడు తన్నుకుపోయాడు, కార్డు మీద చైనా పేరు అచ్చేయించుకుని. "హెన్రీకి సరిపడా చైనా పేరొకటి సంపాదించుకు రావయ్యా. ఆర్డరొస్తే ఉద్యోగం పర్మినెంటు, లేదంటే సబ్బవరం బస్సే" అన్నారు మా ప్రొప్రైటరు గారు.

ఓడలో సరుకుల సంగతి చూసేది ముసలి వంటాయన. నాకో చైనా పేరు పెట్టమని అడిగితే, వచ్చీరాని ఇంగ్లీషులో ముందు నీ ఇంటిపేరేమిటన్నాడు. వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాతట. మాది చెబితే నాటుగా ఉంటుందని లేదనేశాను. మీ నాన్నకో అన్నాడు. ఆయనకీ లేదన్నాను. పాపం, గరిటె పక్కన పెట్టి, నేను దిక్కూమొక్కూ లేనివాడినని నిర్ధారించుకుని, తన ఇంటిపేరే ముందు పెట్టి, దాని కింద హెన్రీకి దగ్గరగా పలికే రెండక్షరాలు రాసిచ్చాడు. పైగా గిన్నెడు నూడుల్స్ పెట్టి, తిన్నంతసేపూ వీపు నిమిరాడు. ఆర్డరు మాకే వచ్చింది.

పర్మినెంటు కాగితంతో ఇంటికెళ్లి ఈ కథంతా గొప్పగా చెప్పాను. అమ్మకి ముందు వరసలే గుర్తొచ్చాయి. "అయితే ఆయనకి కూతుళ్లుంటే నీకు సెల్లెళ్లవుతారురా" అంది. బావ పడీపడీ నవ్వాడు. నాన్న మాత్రం కంచంలోంచి తలెత్తకుండా, "నాను బతికున్నట్టు ఆయనకి సెప్పినావేటి?" అని అడిగాడు.

తెల్లారగానే నిజం చెప్పేద్దామని హార్బరుకి వెళ్లాను. ఓడ ఇంకా ఉంది. వంటాయన నన్ను చూడగానే ఏమీ అడక్కుండా ఇంకో గిన్నె తెచ్చి పెట్టాడు. నిజం చెబితే ఆర్డరు పోతుందేమోనని భయమేసింది. శుభ్రంగా తినేసి, దణ్ణం పెట్టి వచ్చేశాను. ఆ హెన్రీని తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది. నా అదృష్టం, నవ్వే కాస్త ముందొస్తుంది.