అత్త నేర్పిన మాట

మా వీధిలో జవుళి అంగడి అత్తకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట సింపతీ. మొగుడు పోయినావిడైనా, పరీక్ష తప్పిన పిల్లాడైనా, కుంటే వీధికుక్కైనా సరే, "చూస్తే నాకు ఒకటే సింపతీ అప్పా" అని నాలుక చప్పరించేది.

అంగడి మూతపడ్డాక ఒకనాడు కిక్కిరిసిన తళవాయిపురం బస్సులో నిలబడి కనిపించింది. ఒకప్పుడు ఆ అంగడిలో పనిచేసిన అమ్మాయి చటుక్కున సీట్లోంచి లేచింది.

"అంగడి మూసేసినారంట కదా! కూర్చోండమ్మా. మిమ్మల్ని చూస్తే నాకు ఒకటే సింపతీ."

అచ్చం అత్త గొంతే. ఆ చప్పరింపుతో సహా.

అత్త తల దించుకుంది. "వద్దులేమ్మా, స్టాప్ వచ్చేసింది," అంది.

ఊరింకా చాలా దూరముంది. నోటిదాకా వచ్చిన 'అయ్యో పాపం' మింగేసి నేను కిటికీ వైపు తిరిగాను. అత్తా కూర్చోలేదు, ఆ అమ్మాయీ కూర్చోలేదు. అంత కిక్కిరిసిన బస్సులోనూ ఆ సీటు తళవాయిపురం దాకా ఖాళీగానే వచ్చింది.