పొయ్యి వెనక వడుకుతున్న పిల్లి

ఉత్తరాది మంచుదేశంలో, మా పొహ్యన్మా తీరంలో పిల్లి గురగురలాడుతుందని ఎవరూ అనరు. వడుకుతోందంటారు. కళ్లు మూసుకుని వింటే పక్కగదిలో ఎవరో రాట్నం తిప్పుతున్నట్టే ఉంటుంది. ఆకలికి మ్యావుమంటుంది, కోపానికి బుసకొడుతుంది. వడికిందంటే మాత్రం దానికి ఏ లోటూ లేదని మా లెక్క.

ఎమెలీ రౌహాల రాట్నాలు చేసేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విరిగిన పాతవి విప్పిచూసి నేర్చుకున్నాడు. కొత్త రాట్నం పూర్తయ్యాక దాని కాలిపలక తొక్కి తిప్పుతూ తల వంచి వినేవాడు. ఇరుసు ఏ కాస్త రాసుకున్నా అతని చెవికి దొరికిపోయేది. పనిలో ఉన్నప్పుడు మనుషులతో పెద్దగా మాట్లాడడు. మాట్లాడితే మిర్రితోనే. అది బూడిదరంగు ఆడపిల్లి.

ఆ చలికాలం మిర్రి ఇటుక పొయ్యి వెనక చేరింది. ఇక అక్కణ్నుంచి కదల్లేదు. రాత్రీ పగలూ వడుకుతూనే ఉంది.

"ఏమయ్యా, నిన్నట్నించీ పాలు ముట్టలేదు," అంది భార్య సైమా.

"వడుకుతోందిగా."

"వడికితే కడుపు నిండుతుందా?"

"నొప్పి ఉన్నది వడుకుతుందేమిటే? వెచ్చగా ఉంది, లేవబుద్ధి కావట్లేదు. పొద్దున్నే నిన్ను దుప్పట్లోంచి లాగాలంటే నాకెంత పని!"

సైమా నవ్వలేదు. చేపముక్క ఎండిపోయిన గిన్నె తెచ్చి అతని ముందు పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు హిల్యా ముసలమ్మ బాగుకిచ్చిన తన రాట్నం కోసం వచ్చింది. కాఫీ తాగబోతూ, పొయ్యి వెనక చప్పుడు విని ఆగింది.

"ఇది ఎప్పట్నించి ఇలా?"

"మొన్నట్నించి. హాయిగా ఉంది, పెద్దమ్మా," అన్నాడు ఎమెలీ.

"ఏం హాయి! మా పిల్లి ఈనలేక చచ్చిపోతూ ఇలాగే వడికింది. మేం దాని చుట్టూ కూచుని ముచ్చటపడ్డాం, బుద్ధిలేనివాళ్లం. ఆ ఊపిరి చూడు, ఎంత పైపైన ఆడుతోందో."

ఎమెలీ మిర్రిని ఒళ్లోకి తీసుకున్నాడు. దూదిలా తేలిపోయింది. పొట్ట ముట్టుకోగానే బిగుసుకుంది గానీ వడకడం ఆపలేదు, ఇంకా గట్టిగా వడికింది. నోరు తెరిచి చూస్తే, నాలుక మొదట్లో అవిసె నూలు పోగు చుట్టుకుని గొంతులోకి దిగి ఉంది. రాట్నం పరీక్షించేందుకు తాను వడికి, తుంచి, నేల మీద పారేసిన పోగు.

అతని వేళ్లు ఆ పోగును పట్టుకున్నాయి.

"లాగకు!" హిల్యా అతని మణికట్టు పట్టేసింది. "లాగితే లోపల పేగులు తెగుతాయి. నాలుక దగ్గర కత్తిరించు. మిగతాది దాని అదృష్టం."

"నువ్వే కత్తిరించు పెద్దమ్మా."

"నా ముసలి వేళ్లు కత్తెరకి పనికిరావు. కానియ్. సైమా, నువ్వు దాన్ని పట్టుకో తల్లీ."

సైమా తుండుగుడ్డలో చుట్టి పట్టుకుంది. ఎమెలీ చిన్న కత్తెర మొన దూర్చి పోగు కత్తిరించాడు. మిర్రి అతని చెయ్యి రక్కి, బుసకొట్టి, బల్ల కిందికి దూరింది. రాత్రీ పగలూ సాగిన ఆ వడకడం ఆగిపోయింది. ఎమెలీ నేల మీదే కూచుని, బల్ల కింది చీకట్లోకి చూస్తూ ఉండిపోయాడు.

కొన్నాళ్లకు మిర్రి దొడ్డికెళ్లే బూడిద గంపలో పోగు మిగతా భాగం బయటపడింది. మెల్లగా పాలు తాగడం మొదలుపెట్టింది.

మంచు కరిగే రోజుల్లో ఒక సాయంత్రం అది అతని ఒళ్లోకెక్కి మళ్లీ వడికింది. ఎమెలీ ఉలిక్కిపడ్డాడు. దాని నోరు తెరిచి, నాలుక ఎత్తి చూశాడు. ఏమీ లేదు. పొట్టంతా తడిమాడు.

"వదిలెయ్యవయ్యా, హాయిగా ఉంది," అంది సైమా.

"నేనూ ఆ మాటే అన్నాను," అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.