ఆపా తిట్టిన బెల్లం

డాక్టర్ మెహెరుబాకి మామూలుగా మాట్లాడటం రాదు. తిట్టడమే వచ్చు. "తలనొప్పిగా ఉంది ఆపా" అని అక్క దగ్గరికి వెళ్లినట్టు వెళ్తే ముందు ఆ తలను తిట్టేది, తర్వాత దాన్ని ఎండలో తిప్పినవాణ్ణి తిట్టేది, ఆ తర్వాతే మాత్ర చేతిలో పెట్టేది. గబ్బిలాలు మోసుకొచ్చే నిపా జబ్బు మీద పరిశోధనకని ఢాకా నుంచి ఫరీద్‌పూర్ పల్లెలకు వచ్చిన మనిషి. గబ్బిలాన్ని వలలోంచి తీసి దాని నోట్లో దూది పుల్ల పెడుతూ కూడా ఊరుకునేది కాదు.

"సిగ్గు లేదా నీకు? పరాయివాళ్ల కుండలో మూతి పెడతావా? అడవిలో పళ్లు లేవా? ఓహో, అడవి మేమే నరికేశామా! సరే, నోరు తెరువు!"

గబ్బిలం తెరిచేది. ఆ ఊరి మగాళ్లు అంత తొందరగా తెరిచేవాళ్లు కాదు.

తిట్లలో పెద్ద వాటా ఇద్రిస్‌ది. ఇద్రిస్ ఆ ఊరి గాఛీ. చలికాలమంతా ఈత చెట్లు గీసి, రసం దించి, బెల్లం కాచడం అతని పని. మంచులో గ్లాసులు పట్టుకుని వచ్చేవాళ్లకు తెల్లారకుండానే చల్లటి పచ్చిరసం పోసేవాడు. అది గొంతు దిగితేనే ఆ ఊళ్లో చలికాలం వచ్చినట్టు. చిక్కేమిటంటే గబ్బిలాలకూ ఆ రసమంటే ప్రాణం. రాత్రిళ్లు అవి చెట్టు గీతను నాకి పోతాయి, జబ్బు రసంలోకి దిగుతుంది. ఈ మాట చెప్పడానికే మెహెరుబా వచ్చింది.

మొదటి రోజు ఇద్రిస్ వాకిట్లో నిలబడి, పచ్చిరసం తాగొద్దని గొంతు చించుకుని చెప్పింది. ఇద్రిస్ అంతా బుద్ధిగా విన్నాడు. "ఎంత అలిసిపోయారో ఆపా" అంటూ లోపలికెళ్లి, నిండు గ్లాసు పచ్చిరసం తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆ కాలంలో ఇంటికొచ్చినవాళ్లకు అంతకంటే పెద్ద మర్యాద లేదు మరి.

"ఇప్పటిదాకా నేనేం చెప్పాను?"

"పచ్చిరసం తాగొద్దన్నారు."

"మరి ఇదేంటి?"

"ఇది ఊళ్లోవాళ్లకు కాదుగా ఆపా, మీకు. మొదటి దింపు. అమృతంలా ఉంటుంది."

గ్లాసు ఎగిరి కోళ్ల గూటి మీద పడింది. ఆవేళ ఇద్రిస్ తాతను, ముత్తాతను కూడా ఆవిడ వదిలిపెట్టలేదు.

తర్వాత తడికలొచ్చాయి. గీతనూ, రసం జారే దారినీ, కుండనూ కలిపి కప్పేలా వెదురు తడిక కట్టమంది. ఇద్రిస్ కట్టాడు, దారి పక్క చెట్లకు మాత్రమే. ఆవిడ దారి వదిలేసి, సల్వారు పైకి మడుచుకుని, ఆవాల చేలకు అడ్డంపడి వెనకనుంచి వచ్చింది.

"ఈ చెట్లకు తడికలేవి ఇద్రిస్ మియా?"

"ఇవి మీకు కనపడవు కదా అని ఆపా..."

"నాకు కనపడకపోతే గబ్బిలానికి కనపడవా? అది తలకిందులుగా వేలాడి మరీ చూస్తుందయ్యా!"

ఇక రోజూ పొద్దున్నే చెట్ల కింద హాజరు. ముడి వదులైతే తిట్టు. తడికలో సందుంటే తిట్టు. ఏ వంకా లేకపోతే, "నిన్న ఇలా కట్టడానికేం రోగం?" అని తిట్టు. గ్లాసులతో వచ్చినవాళ్లను తరిమి తరిమి తిట్టేది. "కుతకుతా ఉడికించి బెల్లం చెయ్యి, అప్పుడు అమ్ము! టీకా పరీక్షల్లో ఉంది. అది వచ్చేదాకా చావకుండా ఉండండి, అంతకంటే నేనేం అడగట్లేదు!" ఆ అరుపు ఊరి చివరిదాకా వినపడేది.

ఇద్రిస్‌కి ఒళ్లు మండిపోయేది. "నా చెట్టు కింద నిలబడి నన్నే తిడుతోంది. పరువు తీసేస్తోంది" అని పెళ్లాం జొమిలా దగ్గర పళ్లు నూరేవాడు.

"అయితే ఎదురు చెప్పు."

"చెబుదామని నోరు తెరిచేలోపు ఇంకోటి తిడుతోందే!"

మాఘమాసం చలిలో పక్క ఊరి మనిషొకడు జ్వరంతో పడిపోయి ఆస్పత్రిలో చనిపోయాడు. నిపా అని తేలింది. అతను ఏ చెట్టు రసం తాగాడో ఎవరికీ తెలియదు. తెలియకపోతేనేం, హారున్ టీకొట్టు దగ్గర సాయంత్రానికల్లా తేల్చేశారు, ఇద్రిస్ రసమేనని. ఆపా కళ్లుగప్పి నిన్నటిదాకా గ్లాసులు చాచినవాళ్లే ఆ మాటన్నారు. భయపడ్డవాళ్లకు తోసేయడానికి ఒక మనిషి కావాలి, ఎంత అన్యాయం! జొమిలా కాచిన బెల్లం అచ్చులు కొట్లోంచి తిరిగొచ్చాయి. పంపు దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు హారున్ ముందు నడవగా కొందరు గొడ్డళ్లతో ఇద్రిస్ ఇంటి పక్క చెట్ల దగ్గరికి వచ్చారు, అన్నీ నరికేస్తామని. అవి పోతే ఇద్రిస్‌కి ఇంకో బతుకు లేదు.

అప్పుడే ఆస్పత్రి నుంచి మెహెరుబా దిగింది. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. ఇద్రిస్ ఇక తన పని అయిపోయిందనుకున్నాడు.

"మీరే చెప్పండి ఆపా," అన్నాడు హారున్. "వీడిది మురికి రసం కాబట్టే కదా రోజూ తిట్టేవాళ్లు?"

"మురికా? ఒరే మూర్ఖుడా, నేను రోజూ దగ్గరుండి తిట్టిన చెట్లు ఇవే! ఇక్కడ ఒక్కో ముడీ నా తిట్లు తిని బిగుసుకుంది. తడికల్లేని చెట్లు నీ ఇంటి వెనక లేవూ? గొడ్డలి అక్కడికి పట్టుకెళ్లు! తెల్లారకుండా ఈయన తలుపు తట్టి పచ్చిరసం పొయ్యమని బతిమాలిందెవరు? నువ్వు కాదా? పోయినవాడికి సేవ చేసిన భార్య అక్కడ ఆస్పత్రిలో జ్వరంతో పడుంది. ఇంటి దగ్గర ఆమె ముసలి తల్లికి ఇంత అన్నం పంపడానికి ఒక్కడికీ చేతులు రాలేదు, చెట్ల మీదికైతే వచ్చాయా?"

గొడ్డళ్లు కిందికి దిగాయి. ఆవిడ జొమిలా చేతిలోంచి బెల్లం అచ్చు లాక్కుని, అరుగు మీద కూలబడి, మరమరాలతో కలిపి నమిలింది. నోటినిండా ఉన్నా తిట్లు ఆగలేదు. "బాగా ఉడికింది, దీంట్లో ఏ క్రిమీ మిగలదు. తినండి! నువ్వు ముందు, హారున్!" హారున్ తిన్నాడు. తినకపోతే ఏం జరుగుతుందో చూసే ధైర్యం అతనికి లేదు.

గుంపు వెళ్లాక ఇద్రిస్ నెమ్మదిగా అడిగాడు. "ఆ తిట్లేవో నా చెవిలో తిట్టొచ్చుగా ఆపా? ఊరంతా వినేలా ఎందుకు?"

"చెవిలో తిడితే సాక్షులెవరు? ఇంతకుముందు ఒక ఊళ్లో గాఛీని ఇలాగే తరిమేశారు. జాగ్రత్తగా పనిచేసే మనిషి. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను వెళ్లేసరికి ఇల్లు ఖాళీ. ఏంటా ఏడుపు మొహం? లే, ఆ మూడో చెట్టు తడిక జారింది!"

ఆ తర్వాత సంతలో కథ తిరగబడింది. ఇద్రిస్ బెల్లం ముందు నిలబడి, "ఇది ఆపా తిట్టిందేనా?" అని అడిగి మరీ కొనడం మొదలుపెట్టారు. కొందరు నమ్మకం చాలక పొద్దున్నే చెట్ల దగ్గరికే వచ్చి, తిట్లు విని, బెల్లం తూయించుకుని వెళ్లేవాళ్లు.

ఒకరోజు జలుబు చేసి మెహెరుబా గొంతు పూర్తిగా పోయింది. మెడకు మఫ్లరు చుట్టుకుని, చెట్లన్నీ చూసి, మాట్లాడకుండా వెళ్లిపోతోంది. కొనడానికొచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని సంచులు మడిచేశారు. చెట్టు మీదున్న ఇద్రిస్ నడుం తాడు సడలించి, గబగబా జారి, ఆవిడ దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఆపా, ఒక్క తిట్టు. చిన్నదైనా పర్లేదు. బేరం పోతోంది!"

ఆవిడ తడిక లాగి చూసింది. ముడి లాగి చూసింది. ఎక్కడా వంక దొరకలేదు. గొంతు సవరించుకుంది, రాలేదు. మళ్లీ సవరించుకుని, పిల్లికూన గొంతుతో, "గాడిదా" అంది.

"విన్నారుగా!" అంటూ ఇద్రిస్ జనం వైపు తిరిగి కాటా తీశాడు.