పెర్ల్ పిలిచిన హాజరు

పెర్ల్‌కి నేనంటే అనుమానం. సముద్రం దాటి చెరకు మిల్లు ఊరైన మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో అడుగుపెట్టిన రోజు నుంచీ అంతే. గుంటూరు నుంచి కంప్యూటర్ పనిమీద వచ్చిన ఈ కోటేశ్వరరావు ఎవరి మనిషో ఆమెకి తేలలేదు. నాకూ ఆమె మీద పెద్ద ప్రేమేం లేదు.

మిల్లు కూలీల బారక్సుల్లో ఉంటున్న, ఒకప్పుడు ఉండిన కుటుంబాలకి సొంత ఇళ్ళు ఇప్పించే సంఘంలో ఆమె గుమాస్తా, తాతల నాడు చెరకు పనికొచ్చిన తెలుగువాళ్ళ ఇంటి మనిషి. ఆరువందల పన్నెండు పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే. సోమవారం ఆ జాబితా ఇళ్ళిచ్చే సర్కారు ఆఫీసుకి చేరాలి. అందులో లేనివాళ్ళకి ఇల్లు రాదు. తెల్లవాళ్ళ దొరతనం పోయాక రెండో ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులు, అందరికీ తొందరే. సరిగ్గా ఆ శుక్రవారం సాయంత్రం పాత సర్వర్ డిస్కు కీచుమనడం మొదలుపెట్టింది.

"డేటాబేస్‌ని కొత్త సర్వర్‌లోకి మార్చాలక్కా," అన్నాను శనివారం పొద్దున.

"మారుస్తావా? మా నాయన ఫైల్ కూడా ఇట్లాగే మార్చేరు. వేరే ఆఫీస్‌కి, అంతే, అన్నారు. ఫైల్ పోయింది, పేరు పోయింది. మమ్మల్ని బారక్సుల్లోంచి లారీ ఎక్కించి దూరాన షాకాస్‌క్రాల్‌లో దింపేరు."

ఆ రోజు ఆమె అవ్వ రమణమ్మ పాత గుమ్మం దగ్గర నిలబడి పిల్లలందరి పేర్లూ పిలిచిందట. కొత్త గుమ్మం దగ్గర మళ్ళీ పిలిచింది. అందరూ పలికేదాకా గిన్నెలు దింపనివ్వలేదు. డేటాబేస్‌కీ అదే హాజరు అని పెర్ల్ తేల్చేసింది. నోటుబుక్కులోంచి ఇరవయ్యొక్క పేర్లు పిలిచింది, నేను ఒక్కొక్కటే వెతికి చూపించాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

తరవాత డేటాబేస్‌ని సర్వర్ నుంచి విడదీశాను. తెర మీద దాని పేరు మాయమైంది.

"ఏయ్! లిస్ట్ ఏది? తుడిచేసేవా, వెధవా?"

"లేదక్కా. సర్వర్ పట్టుకుని ఉండగా కాపీ చేస్తే ఫైళ్ళు పాడవుతాయి. అందుకే విడిపించాను. రెండు ఫైళ్ళూ డిస్కు మీదే ఉన్నాయి. ఒకదాంట్లో పేర్లు, రెండోదాంట్లో మార్పుల చిట్టా."

నమ్మలేదు. కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

రెండింటినీ కాపీ చేసి కొత్త సర్వర్‌కి తగిలించాను. ఆమె మళ్ళీ హాజరు మొదలుపెట్టింది. ఎరాల్ ఉన్నాడు. లెస్లీ ఉన్నాడు. ఇరవై మందీ పలికారు. ఇక చాల్లే, పేర్లు రెండు చోట్ల ఉండకూడదు అనుకుని పాత డిస్కుని తుడిచెయ్యడానికి చెయ్యి చాపాను.

"ఆగు తమ్ముడూ, ఇంకొకడు ఉన్నాడు. డెస్మండ్."

డెస్మండ్ లేడు. నిన్న మధ్యాహ్నమే ఎక్కించానంది. పాత డిస్కులో అదే పేరుతో రెండు జతల ఫైళ్ళున్నాయి. జనవరిలో ఎవరో తీసిపెట్టిన నకలుని నేను మోసుకొచ్చాను. విడదీసే ముందు అసలు ఫైళ్ళు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చూసి రాసుకోవాలి. నా తెలివి మీద నమ్మకంతో నేను రాసుకోలేదు. ఆమె ఆపకపోయుంటే అసలువి నా చేత్తోనే తుడిచేసేవాణ్ణి.

అసలు జతని తెచ్చి తగిలించాను. డెస్మండ్ పలికాడు. మొత్తం ఆరువందల పన్నెండు.

సిగ్గేసింది. ఆమెని మంచి చేసుకుందామని ఆమె పేరే కొట్టి వెతికాను. రాలేదు.

"అక్కా, మీ పేరు రావట్లేదు. ఇంకేదో తప్పు చేశాను."

"నీ తప్పు కాదులే," అంది నోటుబుక్కు మూస్తూ. "నా పేరు నేనే ఎక్కించలేదు. మేం ఇక్కడ ఉన్నాం అని చెప్పే కాగితం నాయన ఫైల్‌లోనే ఉండేది. అది లేనిదే ఎవరి పేరూ ఎక్కించకూడదు."

సోమవారం దాకా పాత డిస్కు ముట్టుకోవద్దని నాకు గట్టిగా చెప్పి, సంచీ తీసుకుని షాకాస్‌క్రాల్ బస్సుకి వెళ్ళిపోయింది.