గాలొచ్చే వైపు

పూండి స్టేషన్లో బెంచీ పక్కన నిలబడి, చొక్కాకు పట్టిన జీడిపప్పు పొట్టు దులుపుకుంటున్నాను. బెంచీ మీదున్న పెద్దాయన దగ్గుతూ నా చెయ్యి పట్టి ఆపాడు.

“గాలొచ్చే యేపు నిలబడి దులిపితే నీకేటవుద్ది? నా నోట్లోకొచ్చింది!”

సారీ చెప్పాను. ఆయన కోపం తగ్గలేదు. బొగ్గు గనిలో, భూమి లోపల పనిచేసి వచ్చాడట.

“గనిలో గాలికేటి తక్కువ? పెద్ద ఫ్యానే. మిసను బొగ్గు కోత్తంటే ఆ గాలే దుమ్మంతా మోసుకొచ్చి, అవతలున్న మా మొహాన కొట్టీది. ఆఫీసరు గాలొచ్చే యేపు నిలబడి, గాలి బాగుందని రాసుకుపోయీవోడు. ఒక్క రోజైనా మా యేపు నిలబడ్డాడా? సెప్పు!”

ఆ ఆఫీసరు నేనే అయినట్టు అడిగాడు. నాకు ఒళ్లు మండింది. రైలొస్తే కావాలనే వేరే పెట్టె ఎక్కాను.

మర్నాడు కాశీబుగ్గలో, నేను సూపర్‌వైజర్‌గా ఉన్న జీడిపప్పు షెడ్డుకి వెళ్లాను. పొట్టు వలిచే ఆడవాళ్లు వరసల్లో కూర్చున్నారు. ఫ్యాను వాళ్ల ముందున్న నా కుర్చీ వెనక తిరుగుతోంది. దగ్గొస్తోందని వాళ్లు చెప్పినప్పుడల్లా “ఇంత గాలొస్తుంటే ఏటమ్మా మీ గోల” అని కసిరేవాణ్ణి.

కుర్చీ తీసుకెళ్లి ఆఖరి వరస వెనక వేసుకున్నాను.

దగ్గుతో అరగంట కూడా కూర్చోలేకపోయాను.